చప్పట్ల నడుమ కప్పిన శాలువా

ఎవరిచ్చినా సరే, ఫజలుద్దీన్ సారు చాయ్ అంత తేలిగ్గా తాగడు. ముందు ఇచ్చిన మనిషి ముఖం చూస్తాడు. తర్వాత గ్లాసు చూస్తాడు. ఆ తర్వాత ‘వీడు నాకిప్పుడు చాయ్ ఎందుకిస్తున్నట్టు?’ అని ఆలోచనలో పడతాడు. ఈలోపు చాయ్ కాస్తా చల్లారిపోతుంది. బెల్లంపల్లిలో ఆయన హెడ్‌మాస్టరుగా ఉన్న సర్కారు బడిలో ఆయనకు ‘అనుమానాల సారు’ అని పేరు. పిల్లలు పెట్టారనుకునేరు, పెట్టింది టీచర్లే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. మొదట ఎవరన్నారో ఇప్పటికీ ఆరా తీస్తూనే ఉన్నాడు.

పుట్టుకతో వచ్చిన గుణం కాదది. తండ్రి బొగ్గుబాయిలో పనిచేశాడు. లోపలికి దిగగానే ఇనుప కడ్డీతో పైకప్పు తట్టి, చప్పుడు గట్టిగా వస్తేనే దాని కింద నిలబడేవాడు. కొడుకు బాయికి పోకుండా లెక్కలు చదువుకున్నాడు గానీ, తట్టి చూసే అలవాటు మాత్రం మనుషుల మీదికి మళ్ళింది. తొలి ఉద్యోగం ఉట్నూర్ ఏజెన్సీలో. “నువ్వు నాకు తమ్ముని లెక్క” అంటూ భుజాన చెయ్యేసిన తోటి పంతులు, తాను బడి ఎగ్గొట్టిన నిందంతా ఈయన నెత్తిన రుద్ది బదిలీ చేయించుకొని పోయాడు. పై ఆఫీసు సంజాయిషీ అడుగుతూ ఇచ్చిన మెమోకు జవాబు చెప్పుకోలేక ఏడ్చినంత పనైంది. వేడిపాలకు నోరు కాల్చుకున్న పిల్లి మజ్జిగను కూడా ఊదుకొని తాగుతుందంటారు కదా, ఫజలుద్దీన్ అప్పటి నుంచి మంచినీళ్ళను కూడా ఊదడం మొదలుపెట్టాడు.

భార్య ఖుర్షీద్ మాత్రం ఆయన అనుమానాలను అసలు లెక్కచేయదు. “నీకు నన్నిచ్చినప్పుడు గూడ మా అబ్బాను ‘పిల్లను ఎందుకిస్తున్నరు?’ అని అడిగినవ్ గదా” అని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. అది నిజమే.

ఇంత అనుమానం ఉన్న మనిషికి జిల్లా ఆఫీసు వాళ్ళు ఒక విచారణ అప్పగించారు. చెన్నూరులోని ఒక హైస్కూలు. అక్కడ వనజ అనే జీవశాస్త్రం టీచరు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, తన హెడ్‌మాస్టరు రామచంద్రం తనను వేధిస్తున్నాడని, నలుగురిలో అవమానిస్తున్నాడని ఫిర్యాదు చేసింది. ఆ పిల్ల ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఫిర్యాదు నిజమని తేలితే రామచంద్రం మీద చర్య ఉంటుంది. అబద్ధమని తేలితే వనజ ప్రొబేషన్‌కు అక్కడే బ్రేకు పడుతుంది, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ దేవుడికే తెలియాలి. తేల్చాల్సింది ఫజలుద్దీన్.

కాగితం చూడగానే ఆయన మెదడులో మొదట మొలిచిన ప్రశ్న ‘ఇది నిజమా?’ అన్నది కాదు. ‘ఈ పిల్ల వెనుక ఎవరున్నారు?’ అన్నది. ఆయన ఒక్కడినే అని లాభం లేదు. మన ఆఫీసుల్లో ఇదొక పాడు రోగం. ఆడమనిషి తన బాధ తాను చెప్పుకుందంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. యూనియన్ వాళ్ళు రాయించారా, బదిలీ కోసం ఎత్తు వేసిందా, పాత హెడ్‌మాస్టరు ఎగదోశాడా అని వెనుకున్న చెయ్యి కోసం వెతుకుతారే తప్ప, ముందున్న ముఖం చూడరు.

విచారణ గురువారం అని నోటీసు పంపి, ఫజలుద్దీన్ బుధవారమే బస్సెక్కాడు. చెప్పిన రోజున పోతే అందరూ సిద్ధంగా ఉంటారని ఆయన లెక్క. చెన్నూరులో దిగి, టిఫిన్ డబ్బా చంకన పెట్టుకొని బడి గేటు దగ్గరికి వచ్చేసరికి, ఇస్త్రీ చొక్కాలో రామచంద్రం ఎదురుగా నిలబడి ఉన్నాడు.

“రాండ్రి ఫజల్ సార్, రాండ్రి. మీరు ఇయ్యాలనే వస్తరని నాకెర్క” అన్నాడు నవ్వుతూ. “మీ సంగతి జిల్లాల ఎవలకు తెల్వది?”

ఫజలుద్దీన్ టిఫిన్ డబ్బాను ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. వీడు నన్ను చదివేశాడే అనుకున్నాడు. ఆ క్షణం నుంచి రామచంద్రం మీద అనుమానం మొదలైంది. అతి వినయం ధూర్త లక్షణం అని ఊరికే అన్నారా! చాయ్ వద్దన్నాడు. కొబ్బరినీళ్ళు వద్దన్నాడు. హెడ్‌మాస్టరు గదిలో కూర్చోనన్నాడు. సైన్సు ల్యాబులో ఎముకల బొమ్మ పక్కన కుర్చీ వేయించుకొని, ఒక్కొక్కరినీ పిలవమన్నాడు.

వచ్చిన వాళ్ళంతా ఒకటే పాట. హెడ్‌మాస్టరు సారు దేవుడు. మేమంతా ఒకటే కుటుంబం. అందరికంటే సీనియరు, తెలుగు చెప్పే మంజుల మేడం అయితే గొంతు తగ్గించి ఇంకో మాట కలిపింది.

“గా పిల్లకు జర నాజూకెక్కువ సార్. మంచి మాట అన్నా గుచ్చుకుంటది. సార్ ఆమెను బిడ్డ లెక్క చూసుకుంటడు.”

“ఒక్కరోజు గూడ గట్టిగ అనలేదా?”

“అయ్యో, గట్టిగనా! చప్పట్లు కొట్టిస్తడు సార్ ఆమెకు.”

అందరి నోటా ఒకే మాట వస్తే అది నేర్పిన మాటే. అంత మాత్రం ఫజలుద్దీన్‌కు తెలుసు. కానీ చప్పట్లు కొట్టించడమేమిటి? అది వేధింపు ఎట్లా అవుతుంది? ఆయన అనుమానం అటూ ఇటూ ఊగింది.

ఆఖరున వనజ వచ్చింది. సన్నటి మనిషి. సిరిసిల్లలో మరమగ్గాల మీద బతికే ఇల్లు వాళ్ళది. కూర్చోమన్నా కుర్చీ అంచునే కూర్చుంది. ఆమె చూపు ఆయన మీద లేదు, తలుపు మీద ఉంది.

“ఇది ఎవరు రాయించిండ్రమ్మా?” అని మొదలుపెట్టాడు ఫజలుద్దీన్.

ఆమె చివాలున తల ఎత్తింది. “నాకు రాసుడొస్తది సార్. గందుకే గద సర్కారు నాకు నౌకరి ఇచ్చింది.”

ఫజలుద్దీన్‌కు చురుక్కుమంది గానీ, మాట మింగి, జరిగింది చెప్పమన్నాడు.

చెప్పింది. చేరిన కొత్తలో ఒకరోజు బస్సు ఆలస్యమై ప్రార్థన మొదలయ్యాక వచ్చింది. రామచంద్రం మైకు పట్టుకొని, “మన వనజ మేడం ఎంతో కష్టపడి బడికి వచ్చింది, అందరు చప్పట్లు కొట్టుండ్రి” అన్నాడు. బడంతా చప్పట్లు కొట్టింది. అప్పటి నుంచి ఆమె ఎప్పుడు గేటులో అడుగు పెట్టినా, వేళకు వచ్చినా సరే, పిల్లలే చప్పట్లు కొడతారు. ఆపమని రామచంద్రం ఏనాడూ అనలేదు. టీచర్ల మీటింగులో బడి సామాను కొనుగోలు గురించి ఒక ప్రశ్న అడిగితే, “మేడంకు తెలివి ఎక్కువ, అభినందిద్దాం” అని మళ్ళీ చప్పట్లు. తల్లికి కరీంనగర్ దవాఖానాలో ఆపరేషనైతే సెలవు అడిగింది. సెలవు ఇచ్చాడు. తిరిగి వచ్చిన రోజు ప్రార్థనలో, “వనజ మేడం వాళ్ళ అవ్వ ఎట్లున్నదో ప్రతి ఒక్కరు అడగాలె, గదే సంస్కారం” అన్నాడు. క్లాసు తర్వాత క్లాసు, పిల్ల తర్వాత పిల్ల లేచి, “మేడం, మీ అవ్వ మంచిగున్నదా?” అని అడిగారు. ఇంటి బెల్లు కొట్టేదాకా అడిగారు. కొందరు నవ్వుతూ అడిగారు. ఆమె ఏ పాఠమూ చెప్పలేకపోయింది.

“సార్ ఒక్క తిట్టు గూడ తిట్టలే” అంది వనజ. “తిడితే మీకు చూపిస్తుంటి. గిది ఎట్ల చూపియ్యాలె?”

ఆమె ఏడవలేదు. దానికి ఫజలుద్దీన్ మనసులో ఒక మూల, ‘నిజంగా బాధ ఉంటే ఏడవదా?’ అన్న పాడు అనుమానం మెదిలింది. ఇంకో మూల, ఇంత వింత సంగతి ఎవరూ కల్పించలేరే అని కూడా అనిపించింది. ఏదీ తేలలేదు. రాసుకోవలసింది రాసుకొని, డబ్బా తెరిచి రొట్టె తిని, బయలుదేరడానికి లేచాడు.

అప్పటికి వరండాలో కుర్చీలు వేసి ఉన్నాయి. టీచర్లంతా వరుసగా నిలబడ్డారు. పిల్లలు కిటికీల నిండా ముఖాలు పెట్టారు. రామచంద్రం చేతిలో మడత విప్పని శాలువా ఒకటి మెరుస్తోంది.

“పెద్దలు మా బడికి వచ్చిండ్రు. ఒట్టి చేతులతో పంపితే మర్యాద గాదు” అంటూ ముందుకు వచ్చాడు.

ఫజలుద్దీన్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. “నక్కో, నక్కో. విచారణకు వచ్చినోణ్ని శాలువా కప్పుకుంటనా? అస్సలు కప్పుకోను.”

కప్పుకోలేదు కూడా. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. తనను ముగ్గులోకి దింపాలని చూశాడు, దొరకలేదు అని లోలోపల పొంగిపోయాడు. ఆ పొంగే ఆయన కొంప ముంచింది.

“మీ నీతి గొప్పది సార్” అని రామచంద్రం ఏమాత్రం నొచ్చుకోకుండా అటు తిరిగాడు. “అయితే గీ శాలువా మా వనజ మేడంకు కప్పుండ్రి. కొత్తగచ్చిన ఆడబిడ్డ. పెద్దమనిషి మీ చేతులతోని కప్పితే మాకూ సంతోషం, ఆమెకూ సంతోషం. రామ్మా, ముందుకు రా.”

వరుసలో చివర నిలబడ్డ వనజను మంజుల మేడం భుజం పట్టి ముందుకు నడిపించింది. ఫజలుద్దీన్ చేతిలోకి శాలువా వచ్చి చేరింది. ఏం చేస్తాడు చెప్పండి? తనకు వద్దనడం నీతి అవుతుంది. అందరి ముందు ఒక ఆడమనిషికి కప్పనంటే ఆమెకు అవమానం అవుతుంది. మన దగ్గర శాలువా తిప్పి ఇవ్వడమంటే చెంప మీద కొట్టినట్టే. చిన్నప్పటి నుంచి నేర్చుకున్న మర్యాద అది, అనుమానం కంటే లోతుకు పోయి కూర్చున్నది. విప్పాడు. ఆమె భుజాల మీద కప్పాడు.

“సిరిసిల్లదే అమ్మా” అన్నాడు రామచంద్రం అందరికీ వినిపించేట్టు. “మీ బాపు నేసిందే అయితది. జర చూసుకో, నూలు పోగులు గిట్ట తెగినయేమో!”

అందరూ నవ్వారు. చప్పట్లు మోగాయి. కిటికీల్లోని పిల్లలు అలవాటున్న చేతులతో ఇంకా గట్టిగా కొట్టారు. ఫోన్లు పైకి లేచాయి. ఫజలుద్దీన్ కూడా నవ్వాడు. ఫొటోలో నవ్వాలి కదా! వనజ మాత్రం నేల చూస్తూ నిలబడింది. సన్మానానికి ఒప్పుకుంది కాబోలు అనుకున్నాడాయన.

బస్సు జైపూర్ దాటాక ఫోను మోగడం మొదలుపెట్టింది. జిల్లా హెడ్‌మాస్టర్ల వాట్సాప్ గ్రూపు. తెరిచాడు. శాలువా కప్పుతున్న తన ఫొటో. కింద రామచంద్రం రాత: వనజ మేడం ఫిర్యాదును సామరస్యంగా పరిష్కరించిన విచారణ అధికారి శ్రీ ఫజలుద్దీన్ గారికి మా బడి కుటుంబం తరఫున ధన్యవాదాలు.

దాని కింద చప్పట్లు. పసుపుపచ్చని చేతులు, వరసకు వరస. ఒక హెడ్‌మాస్టరు తర్వాత ఇంకో హెడ్‌మాస్టరు, జిల్లా అంతా కొడుతున్నట్టే ఉంది. ‘మీరు పెద్దమనిషి సార్’ అని ఒకరు. ‘ఆదర్శం’ అని ఇంకొకరు. ఫజలుద్దీన్ ‘నేను పరిష్కరించలేదు’ అని రాద్దామని మొదలుపెట్టి తుడిచేశాడు. పొగిడిన వాళ్ళను పట్టుకొని ఎందుకు పొగిడారని ఎట్లా తగువు పడతాడు? ముఖమంతా మంట పుట్టింది. ఆ పిల్ల బడి గేటులో అడుగు పెట్టినప్పుడల్లా ఆమెకు ఇట్లాగే ఉంటుంది కదా అని అప్పుడు, ఆ బస్సులో, కిటికీ కమ్మీ పట్టుకొని అర్థం చేసుకున్నాడు. తన కళ్ళ ముందే, తన చేతులతోనే ఆమెను మళ్ళీ వేధించారు. తాను నవ్వాడు.

వెంటనే రామచంద్రానికి ఫోను చేశాడు. “గా ఫొటో తీసెయ్యి.”

“ఎందుకు సార్? మీకు పేరచ్చింది గదా” అన్నాడు అవతలి నుంచి చల్లగా. “మేడం గూడ శాలువా కప్పుకున్నది, వద్దనలే. ఇగ లొల్లి ఏడున్నది? రేపు రాజీ కాగితం మీద సంతకం గూడ పెడుతది. ఫికర్ చెయ్యకుండ్రి.”

ఆ వెనుకే జిల్లా ఆఫీసు నుంచి ఇంకో ఫోను. ఫైలు మూసేద్దామా సార్ అని సంతోషంగా అడిగారు. ఇప్పుడే మూయొద్దు అన్నాడు. ఎందుకని అడిగితే, రేపు చెప్తానని ఫోను పెట్టేశాడు.

ఇంటికి చేరి, చెప్పులు విడవకుండానే ఖుర్షీద్‌కు అంతా చెప్పాడు. ఆమె ఫొటో చూసింది, ఆయన్ను చూసింది, నోటి మీద వేలేసుకుంది.

“యా అల్లా! ఇన్నేండ్ల సంది నా చాయ్‌ను అనుమానపడ్డవ్. నా కూరను అనుమానపడ్డవ్. ఆఖరుకు ఒక్క శాలువాను అనుమానపడలేకపోయినవా జీ?”

“నాకు కప్పుతె అనుమానపడుతుంటి. ఆమెకు కప్పుమన్నడు” అన్నాడు పసిపిల్లవాడిలా.

“గా పిల్ల ఇప్పుడు ఏమనుకుంటుంటది?”

ఫజలుద్దీన్ లెక్క వేసుకున్నాడు. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో ఆ పిల్ల సంతకం పెట్టేస్తే, తాను ఏ నిజం రాసినా రాజీ పడ్డ కేసు అని పక్కన పడేస్తారు. రేపు బడి గంట కొట్టకముందే ఆమెను కలవాలి. ఒంటరిగా ఉండే ఆడపిల్ల గదికి మగవాడు పోతే ఇంకో పుకారు లేస్తుంది. “నేనూ వస్త, పా” అంది ఖుర్షీద్.

తెల్లవారి మొదటి బస్సుకే ఇద్దరూ చెన్నూరు చేరారు. బస్టాండు వెనుక సందులో వనజ అద్దె గది. తలుపు తెరిచింది, లోపలికి రమ్మనలేదు. గడపకు అడ్డంగా నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“సంతకమే గద సార్, బడికాడ పెడుత” అంది. “గింత దూరం ఎందుకచ్చిండ్రు? గీ అమ్మను గూడ తోలుకొని!”

“సంతకం పెట్టొద్దని చెప్పనీకే వచ్చిన బిడ్డా. నువ్వు చెప్పింది నిజమే. నిన్న నా కండ్లతోని చూసిన. అదే రాస్త. నా మాట నమ్ము.”

వనజ ఆయన ముఖంలోకి చూసి నవ్వింది, ఆ నవ్వులో తడి లేదు.

“నిన్న నన్ను దొంగను చూసినట్టు చూసిండ్రు. ఇయ్యాల బిడ్డా అంటుండ్రు. రామచంద్రం సార్ గూడ నన్ను బిడ్డా అనే పిలుస్తడు సార్. తియ్యగ మాట్లాడెటోళ్ళంటెనే నాకు భయం. మిమ్ముల ఎందుకు నమ్మాలె?”

జీవితమంతా ఎదుటివాళ్ళను ఆయన అడిగిన ప్రశ్న అది. తనను ఎవరైనా అడుగుతారని ఏనాడూ అనుకోలేదు. మొట్టమొదటిసారి ఒక మనిషిని పూర్తిగా నమ్మి వచ్చాడు, ఆ మనిషే ఆయన్ను నమ్మడం లేదు. కోపం రావాల్సింది. సిగ్గేసింది. ఆ సిగ్గు కిందనే, ఈ పిల్ల సరిగ్గానే అడిగింది అని కూడా అనిపించింది.

“నమ్మకు” అన్నాడు చివరికి. “నమ్మమని అడగను. ఏం జేస్తె నీకు ధైర్యమైతదో గది జేస్త.”

వనజ లోపలికి పోయింది. ఫోను తెచ్చి, రికార్డింగు నొక్కి, ఆయన నోటికి ఎదురుగా పట్టుకుంది.

“ఇందుల చెప్పుండ్రి. మీ పేరు, మీ హోదా, నిన్న ఏం జరిగిందో.”

ఫజలుద్దీన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇది బయటికి పోతే? విచారణ అధికారి ఫిర్యాదుదారుతో కుమ్మక్కయ్యాడని రామచంద్రం రేపే రాస్తాడు. యూనియన్‌లో వాడికి పలుకుబడి ఉంది. రిటైర్మెంటు ముంగిట్లో ఉండి తన మెడకే మెమో చుట్టుకుంటుంది. ఉట్నూర్ నాటి మెమోను ఇంకా మరిచిపోలేదు. ఆయన ఖుర్షీద్ వైపు చూశాడు.

“నా దిక్కు చూడకు జీ. గా పిల్ల దిక్కు చూడు” అంది ఆమె.

ఆయన చెప్పాడు. తన పేరు, హోదా, తనను విచారణకు వేశారని, తన ముందు ఎలాంటి రాజీ జరగలేదని, రామచంద్రం అడిగితే తానే శాలువా కప్పానని, వనజ తండ్రి పేరు ఎత్తి అందరి ముందు నవ్వులపాలు చేస్తుంటే తానూ నవ్వానని, అది తన తప్పని, ఆమె ఫిర్యాదు నిజమని నమ్ముతున్నానని చెప్పాడు. చెప్తున్నంతసేపూ గొంతు తగ్గుతూ వచ్చింది. సందులో బిందెలు ఎత్తుకొని పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు.

వనజ రికార్డింగు ఆపింది. ధన్యవాదాలు చెప్పలేదు. ఫోను చెవికి ఆనించుకొని మొదటి నుంచి చివరిదాకా విన్నది. సంతకం గురించి ఆమె ఇంకా ఏమీ తేల్చుకోలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

“‘నా తప్పు’ అన్నకాడ బస్సు హారన్ అడ్డమచ్చింది సార్. మీ మాట ఇనబడుతలేదు” అంది. “మళ్ళ చెప్పుండ్రి. జర గట్టిగ.”

మళ్ళీ నొక్కి పట్టుకుంది. పక్కింటి కిటికీ తెరుచుకుంది. ఫజలుద్దీన్ గొంతు సవరించుకొని, సందు సందంతా వినేట్టు, తన పేరు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.